నూట పదిహేడు మర్యాదలు

"గేట్లు మూసెయ్యండి! పేరు బయటపడేదాకా ఈ క్యాంపస్‌లోంచి ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు!"

డాక్టర్ దిరార్ అరుపుకి బల్ల మీది గాజుపలక అదిరింది. అంతకు ముందే ఆయన విసిరిన పెన్నుల డబ్బా తగిలి అది ఓ మూల బీటలిచ్చింది. సహల్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడి గదిలో ఎనిమిదిమంది డీన్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాణ్యతా విభాగం అధికారి తమామ్ మాత్రం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళయినా ఆ గదిలో ఆమెకి ఎవరూ కుర్చీ చూపించలేదు.

సమయం ఎనిమిదీ ఇరవై.

విశ్వవిద్యాలయాలకి ర్యాంకులిచ్చే మష్రిఖ్ సూచీ ఆ పొద్దున్నే వెలువడింది. ఇర్బిద్ చుట్టుపక్కల ఉన్న మూడు విశ్వవిద్యాలయాల్లో వాదీకి మొదటి స్థానం. జబల్‌కి రెండో స్థానం. సహల్‌కి మూడో స్థానం.

"ఒక ప్రకటన సిద్ధం చేశానండీ," అన్నాడు విద్యార్థి వ్యవహారాల డీన్ నిమర్, గొంతు సవరించుకుని. "ఉత్తర ప్రాంతపు మొదటి మూడు విశ్వవిద్యాలయాల్లో సహల్ కూడా ఉంది అని..."

"ఉన్నవే మూడు, నిమర్!"

నిమర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నిజానికి క్యాంపస్ జీవితం మార్కుల్లో సహల్ అందరినీ కొట్టేసింది. సూచీ వాళ్ళ సర్వే రోజు కోసం గడ్డిని చాపల్లా చుట్టి లారీలో తెప్పించి పరిచారు. నాలుగేళ్ళుగా ఎండిపోయిన ఫౌంటెన్‌లో రెండు ట్యాంకర్ల నీళ్ళు పోశారు. శుక్రవారం పక్షుల సంతలో పదకొండు బాతుల్ని కొని అందులో వదిలారు. విద్యార్థులంతా ముగ్గురు ముగ్గురుగా, నవ్వుతూ నడవాలని నిమర్ ఉత్తర్వు జారీ చేశాడు. నాటకాల బృందాన్ని చదరంగం క్లబ్బుగా కూర్చోబెట్టారు. వాళ్ళలో ఒక్కరికీ ఆట రాదు. ఒకమ్మాయి తన గుర్రంతో తన రాజునే చంపుకుని చప్పట్లు కొట్టింది. సర్వేకి వచ్చిన కుర్రాడు దాన్ని కూడా "ఉత్సాహం" అని రాసుకున్నాడు.

దెబ్బ తగిలింది పేరుప్రతిష్ఠల దగ్గర. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ప్రొఫెసర్లని ఒక్కొక్కరినీ వాళ్ళ గదిలోనే కలిసి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మీ పిల్లలకి మూడు చోట్లా సీటొస్తే ఎక్కడికి పంపుతారు?" సహల్‌లో అధ్యక్షుడు, డీన్లతో సహా మొత్తం నూట పద్దెనిమిది మంది ప్రొఫెసర్లు. వాళ్ళలో నూట పదిహేడుమంది "వాదీకి" అన్నారు.

ఒక్కరు "సహల్‌కి" అన్నారు.

"వండినవాళ్ళే ముట్టని వంట" అని పత్రిక శీర్షిక పెట్టింది. వచ్చే ఆదివారం నుంచి ప్రవేశాలు మొదలు. పొద్దున్నించీ తల్లిదండ్రుల ఫోన్లు ఆగడం లేదు.

"పదకొండు బాతులు మన పక్షాన నిలబడ్డాయి," అన్నాడు డాక్టర్ దిరార్, వేలితో కిటికీ బయటికి చూపిస్తూ. "నా ప్రొఫెసర్లు నిలబడలేదు! ఇది కుట్ర. నూట పదిహేడుమంది ఒకే మాట వాళ్ళంతట వాళ్ళు అనరు. వెనక ఎవడో ఉన్నాడు. పన్నెండింటికి హాయిల్ పాషా వస్తున్నారు. వచ్చి ఏం చేస్తారో మీకు తెలుసు."

అందరికీ తెలుసు. హాయిల్ పాషా పదవీ విరమణ చేసిన సైనికాధికారి, విశ్వవిద్యాలయం ధర్మకర్తల మండలికి అధిపతి. చుట్టుపక్కల పిల్లనడగడానికి వెళ్ళాలన్నా, హత్య జరిగిన రెండు కుటుంబాల మధ్య రాజీ కుదర్చాలన్నా ముందు నడిచేది ఆయనే. వెళ్ళిన చోట కాఫీ కప్పు అందుకుంటాడు. తాగడు. ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటివాళ్ళు "తాగండి, మీరడిగింది ఇచ్చాం" అనేదాకా ఆ కప్పు కదలదు. అతిథి కాఫీ చల్లారిపోయిన ఇల్లు ఊళ్ళో తలెత్తుకోలేదు. ఒకసారి "ఇచ్చాం" అన్నాక ఆ మాట వెనక్కి పోదు.

"తమామ్!"

ఆమె ఉలిక్కిపడింది.

"సర్వే నీ విభాగం. పన్నెండు కొట్టేసరికి ఈ బల్ల మీద కాగితం, ఆ కాగితం మీద ఒక పేరు ఉండాలి. లేదంటే నీ పేరే రాసి ఇస్తాను. ఈ ఏడాది నీ కాంట్రాక్టు కాగితం కూడా నా దగ్గరే ఉందని మర్చిపోకు."

మూడున్నర గంటలు.

తమామ్ తన గదికి పరుగెత్తింది. సూచీ వాళ్ళు ఫలితాలతో పాటు పంపిన పట్టిక తీసింది. అందులో పేర్లు లేవు. ప్రొఫెసర్ పేరు రాయకూడదన్నది నియమం. కాగితం నంబరు, సమయం, జవాబు, అంతే. వేలు కిందికి జారుతోంది. వాదీ. వాదీ. వాదీ. నలభై ఆరో నంబరు దగ్గర వేలు ఆగింది. పదీ నలభై. సహల్.

ఆ ఒక్కరు ఎవరు?

గుమ్మంలో నిమర్ ప్రత్యక్షమయ్యాడు. "ఆలోచించడానికేముందమ్మా? షఫీఖ్! ఆరేళ్ళుగా విశ్వవిద్యాలయం మీద కేసు నడుపుతున్నాడు. అందరినీ రెచ్చగొట్టింది వాడే. పద, నేనూ వస్తాను."

"మీరు ఇక్కడే ఉండండి డాక్టర్ గారూ. ఆయన మీ మీద ఇంకో కేసు వేస్తే కష్టం."

భూగర్భశాస్త్రం డాక్టర్ షఫీఖ్ గది మెట్ల కింద ఉంటుంది. పదోన్నతి అడిగిన ఏడాది ఆయన్ని అక్కడికి మార్చారు. తమామ్ వెళ్ళేసరికి ఆయన రాళ్ళ పెట్టెల మధ్య కూర్చుని గిన్నెలో పెరుగు తింటున్నాడు.

"రా తల్లీ. నన్ను ఉరితీయడానికేనా? పెరుగు పూర్తి చెయ్యనిస్తావా?"

"సర్వే కుర్రాడు మీ గదికి ఎన్నింటికి వచ్చాడు?"

"పదిన్నర దాటింది. పదకొండింటికి క్లాసు, అందుకే గుర్తుంది."

"మీరేం చెప్పారు?"

"సహల్ అన్నాను."

తమామ్ పట్టిక తీసి చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది. నలభై ఆరో కాగితం.

"ఏంటలా చూస్తావ్? నా కూతురు ఇక్కడే మూడో సంవత్సరం. బడి మంచిదే. నా కేసు నడిపేవాళ్ళ మీద." ఆయన చెంచా నాకాడు. "పాపం ఆ కుర్రాడే కంగారుపడ్డాడు. 'నిజంగానా?' అని రెండుసార్లు అడిగాడు. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అనలేదేమో."

"మీకు ముందుగా ఎవరైనా ఏమైనా చెప్పారా? ఫోను, సందేశం, ఏదైనా?"

"నాతో ఎవరు మాట్లాడతారమ్మా? కాఫీ పోసే అబూ సాయిల్ కూడా నా గది గుమ్మం తొక్కడు. కడుపులో పుండు కదా. కాఫీ వాసన తగిలినా మండుతుంది."

ఆరేళ్ళుగా విశ్వవిద్యాలయాన్ని కోర్టుకి ఈడుస్తున్న మనిషి ఒక్కడే దాన్ని మెచ్చుకున్నాడు. తమామ్ మెట్లెక్కుతూ ఆ మాటే నెమరేసుకుంది. మూడో మెట్టు మీద ఆగిపోయింది. మిగతా నూట పదిహేడుమందికి అందినదేదో ఈయనకి అందలేదు. ఈయనకి అందనిది ఒక్కటే.

కాఫీ.

తొమ్మిదిన్నరకి ఆమె రసాయనశాస్త్రం డాక్టర్ నజ్వా గదిలో ఉంది. నజ్వా తలుపు గడియ పెట్టి, బ్లైండ్లు దించి, అప్పుడు నోరు విప్పింది.

"నేను చెప్పానని ఎవరికీ చెప్పవుగా? అవును, వాదీ అన్నాను. ఏం చెయ్యమంటావ్? ఆ అబ్బాయి చదివింది వాదీలోనట! ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతికి కాఫీ ఇచ్చి, 'మీ బడి కంటే మాదే గొప్ప' అని ఏ మొహం పెట్టుకుని అంటాం? మా అమ్మ అయితే నాలుక కోసేసేది."

"అది సర్వే కదా నజ్వా!"

"సర్వే అయితే మర్యాద ఉండదా? అయినా నాది ఒక్క ఓటు. మిగతా నూట పదిహేడుమందీ సహల్ అనే అంటారు కదా అనుకున్నాను. ఒక్కటి పోతే ఏమవుతుంది?"

"అతను వాదీలో చదివాడని నీకెవరు చెప్పారు? చెప్పకూడదని వాళ్ళ నియమం కదా."

నజ్వా కొంచెం తటపటాయించింది. "అబూ సాయిల్. అబ్బాయి రాకముందే వచ్చాడు, కప్పు ఇస్తూ చెవిలో చెప్పాడు. 'వాదీ బిడ్డట అమ్మా. మనసు నొప్పించకండి.' అంతే."

ఆ తర్వాత తమామ్ పదకొండు గదులు తిరిగింది. పదకొండుమందీ మొదట తాము సహల్ అనే అన్నామని దేవుడి మీద ఒట్టేశారు. తమామ్ పట్టిక బల్ల మీద పెట్టగానే పదకొండుమందీ ఒకే మాటకి దిగారు. "నాదొక్క ఓటే కదా అనుకున్నాను." న్యాయశాస్త్రం ఆయన మాత్రం అదనంగా ఒక వాదన చేశాడు. "నేను అబద్ధం చెప్పలేదు. ప్రశ్న 'ఎక్కడికి పంపుతారు' అని. నాకు పిల్లలే లేరు. కనుక నా జవాబుకి చట్టబద్ధత లేదు." అందరికన్నా వింత విద్యార్థి వ్యవహారాల డీన్. పొద్దున్నించీ ద్రోహి ద్రోహి అని గొంతు చించుకుంటున్న నిమర్‌ని తమామ్ బాతుల దగ్గర పట్టుకుంది.

"మీరేం చెప్పారు డాక్టర్ గారూ?"

"నేనా? నేను... చూడమ్మా, నేను డీన్‌ని. అతిథి మర్యాద విషయంలో నేనే వెనకబడితే విద్యార్థులకి ఏం నేర్పుతాం? నేను వాదీ అనడమే కాదు, 'మా అమ్మాయి వాదీకి వెళ్ళాలని ఒకటే ఏడుపు' అని కూడా చెప్పాను."

"మీకు అమ్మాయి లేదు కదా!"

"మర్యాద కోసం చెప్పాను!" అన్నాడు నిమర్. తర్వాత గొంతు తగ్గించాడు. "చెవిలో ఊదింది ఆ కాఫీ వాడే కదా? అయితే కుట్రదారు దొరికినట్టే. నేను ఇప్పుడే వెళ్ళి అధ్యక్షుడు గారికి చెబుతాను."

ఆమె వద్దనేలోపే అతను వెళ్ళిపోయాడు.

పదిన్నర. తమామ్ వంటగది తలుపు తోసింది. ఏలకుల వాసన గుప్పుమంది. పొడవాటి ముక్కున్న ఇత్తడి కాఫీ జగ్గులు పొయ్యి మీద వరసగా ఉన్నాయి. అబూ సాయిల్ వాటిని గుడ్డతో తుడుస్తున్నాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ విశ్వవిద్యాలయంలో షఫీఖ్ తప్ప అతని చేతి కప్పు తాగని మనిషి లేడు. పింఛనుకి ఇంకా ఏడు నెలలుంది.

"బాబాయ్, నీ వల్ల నా ఉద్యోగం పోయేలా ఉంది," అంది తమామ్, పీట మీద కూలబడుతూ.

"విన్నాను బిడ్డా. ఈ భవనంలో నేను వినంది ఏముంది? నా పేరు రాసెయ్."

"నీకు నువ్వుగా చెప్పావా, ఎవరైనా చెప్పమన్నారా?"

అబూ సాయిల్ జగ్గు మూత తీసి చూసి మళ్ళీ పెట్టాడు.

"బాబాయ్! ఎవరు చెప్పమన్నారు?"

"మా నాన్న పెద్ద షేక్ ఇంట్లో కాఫీ పోసేవాడు. ఆ మజ్లిస్ చావడిలో ఎన్ని రహస్యాలు నడిచాయో! ఒక్కటి బయటికి రాలేదు. కాఫీ పోసేవాడు ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తాడు. ఎవరి మాటో మాత్రం చెప్పడు. చెప్పిన రోజు వాడి చేతి కాఫీ ఎవరూ తాగరు."

"నీ పింఛను పోతుంది."

"పోనీ. నీకు పిల్లలున్నారు, ఇంటి అద్దె ఉంది. నేను ఊరికెళ్ళి మా తమ్ముడి మేకల్ని కాసుకుంటాను." అతను నవ్వాడు. "ప్రొఫెసర్లతో వేగినవాణ్ణి. మేకలు ఏపాటి?"

తమామ్‌కి నవ్వు రాలేదు. ఇద్దరిలో ఒకరు. కాగితం మీద అతని పేరు రాస్తే తను బతుకుతుంది. అతనే రాయమంటున్నాడు కూడా. అంతకన్నా సులువైన పాపం ఇంకోటి ఉండదు.

బయటికొచ్చి సర్వే కుర్రాడు ముతసిమ్‌కి ఫోన్ చేసింది. రాజధాని అమ్మాన్‌లో ఉన్నాడు. గొంతులోనే భయం తెలుస్తోంది.

"మేడమ్, నన్ను అడగకండి. ఎక్కడ చదివానో చెప్పకూడదని మా నియమం. చెబితే ఉద్యోగం పోతుంది."

"కానీ చెప్పావు."

"ఒక్కరికే చెప్పాను మేడమ్. మా నాన్న కంటే పెద్దాయన. తన చేతులతో కప్పు అందించి, 'ఎవరి అబ్బాయివి? ఏ ఊరు? ఎక్కడ చదివావు?' అని అడిగితే ఎలా అబద్ధం చెప్తాను? చేతిలో ఆయన కాఫీ ఉంది. మొదటి కప్పు."

"ఎవరాయన?"

"చెప్పలేను మేడమ్. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే మాంసం వేసిన మన్సఫ్ అన్నం తిన్నాను. అన్నం పెట్టినవాళ్ళ పేరు ఎలా బయటపెడతాను?"

ఫోన్ కట్టయింది.

మొదటి కప్పు. ఆ మాట తమామ్‌ని పట్టుకుంది. పట్టిక మళ్ళీ తెరిచింది. ఈసారి నలభై ఆరు కాదు, ఒకటో నంబరు. ఎనిమిదీ పది. వాదీ. రెండో నంబరు ఎనిమిదీ నలభై.

ఎనిమిదీ పదికి ఎక్కడున్నాను?

సర్వే రోజు ఉదయం కళ్ళ ముందు కదిలింది. ఎనిమిదీ అయిదుకి కుర్రాణ్ణి గేటు దగ్గర కలిసింది తనే. పద్ధతి ప్రకారం ముందు ఎక్కడికి తీసుకెళ్ళాలో అక్కడికే తీసుకెళ్ళి, తలుపు దగ్గర వదిలి బయటికొచ్చింది. రాగానే బాతొకటి ఫౌంటెన్ గట్టు దాటి కార్ల కిందికి దూరింది. అబూ సాయిల్ చేతి జగ్గు అరుగు మీద పెట్టి దాని వెంట పడ్డాడు. తనూ పడింది. ఇద్దరూ పావుగంట మోకాళ్ళ మీద పాకారు. చివరికి బాతుని పట్టుకున్నది తనే. బ్లౌజు చేతికి ఇప్పటికీ ఆ మరక పోలేదు. అప్పుడే లోపలి నుంచి గంట మోగింది. "నా కోసమే," అని అబూ సాయిల్ జగ్గు తీసుకుని వెళ్ళాడు. ఎనిమిదీ ఇరవై అయిదు.

తమామ్ కుర్చీలో వెనక్కి వాలింది.

పదకొండూ నలభై. అధ్యక్షుడి గదికి పిలుపు వచ్చింది.

ఈసారి ఆమెకి కుర్చీ వేశారు. అదీ తోలు కుర్చీ.

"కూర్చో అమ్మా తమామ్, కూర్చో." డాక్టర్ దిరార్ గొంతు పొద్దుటిలా లేదు, తేనె పూసినట్టుంది. "నిమర్ అంతా చెప్పాడు. కాఫీ వాడట కదా? పాపం ముసలాడు, చాదస్తం. ఊరికే కల్పించి చెప్పుంటాడు. రాసెయ్. ఏదో ఒక చిన్న పేరు రాస్తే పెద్ద గొడవ ఆగిపోతుంది. నీ కాంట్రాక్టు సంగతి కూడా ఆలోచించాను. పర్మినెంటు చేసేద్దాం."

"మీరేమీ చెప్పమనలేదా అబూ సాయిల్‌తో?"

డాక్టర్ దిరార్ కిటికీలోంచి బాతుల వైపు చూశాడు. "వేలమందికి వేల మాటలు చెబుతుంటాను. అన్నీ గుర్తుంటాయా? పేరు రాశావా?"

"రాశాను," అంది తమామ్, మడిచిన కాగితం చూపిస్తూ.

అంతలో బయట కారు తలుపు పడింది.

హాయిల్ పాషా గదిలోకి రాగానే అందరూ లేచారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఇప్పటికీ కవాతులోలా నడుస్తాడు. డీన్లందరినీ పేరుపేరునా పలకరించి, వాళ్ళ తండ్రుల ఆరోగ్యం అడిగి, పెద్ద సోఫాలో కూర్చున్నాడు. డాక్టర్ దిరార్ తన బల్ల మీద ఉండే కాఫీ జగ్గు తనే అందుకున్నాడు. ముఖ్యమైన అతిథికి మొదటి కప్పు తన చేత్తో పోయడం ఆయన గొప్ప. ఆ తర్వాతే గంట కొట్టి అబూ సాయిల్‌ని పిలుస్తాడు. ఇవాళ కూడా అంతే చేశాడు.

పాషా కప్పు అందుకున్నాడు. బల్ల మీద పెట్టాడు.

"నా మనవరాలు ఈ ఏడు చేరాలి," అన్నాడు. "నిన్న రాత్రిదాకా సహల్ అంది. ఇవాళ వాదీ అంటోంది. నాకు పేరు కావాలి దిరార్. వినేదాకా ఈ కాఫీ ముట్టను."

"తాగండి పాషా, మీరడిగింది ఇచ్చాం!" డాక్టర్ దిరార్ రెండు చేతులూ చాచాడు. "పేరు సిద్ధంగా ఉంది. ఎవరైనా సరే, ఇవాళే ఈ విశ్వవిద్యాలయం వదిలి వెళ్తాడు. నా మాట."

పాషా కప్పు ఎత్తాడు కానీ ఇంకా నోటిదాకా తీసుకెళ్ళలేదు.

గంట విని వచ్చిన అబూ సాయిల్ వరసగా కప్పులు పోస్తున్నాడు. మొదట డీన్లకి. నిమర్‌కి. తర్వాత మామూలుగా అయితే అక్కడితో ఆగాలి. ఆగలేదు. తోలు కుర్చీ దగ్గరికి వచ్చి తమామ్ ముందు నిలబడ్డాడు. ఆమె కళ్ళలోకి చూడకుండానే, ఆనవాయితీ ప్రకారం మూడో వంతు కప్పు పోసి అందించాడు.

తమామ్ కుడిచేత్తో అందుకుంది.

బల్ల మీద పెట్టింది, ఇందాక పాషా తన కప్పు పెట్టిన చోటికి ఎదురుగా.

"ఇదేంటి?" అన్నాడు డాక్టర్ దిరార్.

"నాకూ ఒక కోరిక ఉందండీ."

"నువ్వు ఇక్కడ ఉద్యోగివి! అతిథివి కాదు!"

"పదకొండేళ్ళు నిలబడే ఉన్నాను, అప్పుడు ఉద్యోగిని. ఇవాళ మీరే కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చినవాళ్ళని ఇక్కడ ఏమంటారో పాషాని అడగండి."

పాషా మీసం కదిలింది. "అతిథి అంటారు. అమ్మాయి కరెక్టు. దిరార్, కప్పు చల్లారుతోంది."

"ఏం కావాలి నీకు?" డాక్టర్ దిరార్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"రెండు మాటలు. అబూ సాయిల్ బాబాయ్ పింఛను దాకా ఇక్కడే కాఫీ పోస్తాడు. పేరు చెప్పినందుకు నాకు ఏ హానీ జరగదు."

ఎనిమిది జతల కళ్ళు అధ్యక్షుడి మీదున్నాయి. ఇంటికొచ్చిన వాళ్ళ కప్పు చల్లారనిచ్చాడన్న మాట సాయంత్రానికల్లా ఇర్బిద్ దాటి రమ్‌సా దాకా పోతుంది. వాదీ అధ్యక్షుడు నవ్వుకుంటూ వింటాడు.

"తాగు," అన్నాడు డాక్టర్ దిరార్. "నువ్వడిగింది ఇచ్చాను."

తమామ్ ఒక్క గుక్కలో తాగింది. చాలన్నట్టు కప్పు ఊపి అబూ సాయిల్‌కి తిరిగిచ్చింది. తర్వాత పట్టిక తీసి పాషా ముందు పరిచింది.

"పాషా, మన ప్రొఫెసర్లు ద్రోహులు కారు. నూట పదిహేడుమందీ మర్యాదస్తులు. సర్వే కుర్రాడు వాదీలో చదివాడని తెలిసి మొహమాటపడ్డారు. ప్రతి ఒక్కరూ తమదొక్కటే ఓటు అనుకున్నారు. తెలియనిది ఒక్క డాక్టర్ షఫీఖ్‌కే. ఆయనొక్కరే సహల్ అన్నారు."

"కేసు వేసినాయనా?" పాషా నిమర్ వైపు చూశాడు. నిమర్ తన కప్పులోకి చూశాడు.

"ఆయనే. మిగతా అందరికీ చెవిలో చెప్పింది అబూ సాయిల్."

"చెప్పానుగా!" అన్నాడు డాక్టర్ దిరార్. "విన్నారా పాషా? ఇక..."

"ఇంకా అయిపోలేదండీ. మొదటి కాగితం చూడండి పాషా. ఎనిమిదీ పది. వాదీ. అప్పటికి అబూ సాయిల్ ఒక్క గుమ్మం కూడా తొక్కలేదు. నాతో పాటు కార్ల కింద బాతుని వెతుకుతున్నాడు. ఇదిగో మరక." ఆమె చెయ్యి చాపింది. "ఎనిమిదీ ఇరవై అయిదుకి గంట కొట్టి లోపలికి పిలిచారు. ఎనిమిదీ నలభై నుంచి చెవుల్లో మాట పడటం మొదలైంది. అంటే ఎవరూ చెప్పకముందే ఒకరికి విషయం తెలుసు. మొదటి కప్పు తన చేత్తో పోసి, ఎక్కడ చదివావని అడిగి తెలుసుకున్నాడు. కుర్రాణ్ణి మెప్పించాలని వాదీకి మొదటి ఓటు తనే వేశాడు, తర్వాత గంట కొట్టి, మిగతావాళ్ళు కూడా అతని మనసు నొప్పించకూడదని అబూ సాయిల్ చేత మాట పంపాడు. పేరు చెప్పమని ప్రాణం తీసినా అబూ సాయిల్ చెప్పడు. అన్నం తిన్న కుర్రాడూ చెప్పడు."

హాయిల్ పాషా మెల్లగా తల తిప్పి బల్ల మీది జగ్గుని చూశాడు. తన చేతిలోని కప్పుని చూశాడు. ఇంకా తాగలేదు.

"ఎనిమిదీ పదికి ఆ కుర్రాడు ఎవరి గదిలో ఉన్నాడమ్మా?"

"ఈ గదిలో, పాషా."

"కాగితం మీద ఏం రాశావు?"

"అది మీరు తర్వాత చదువుకోండి. పేరు వినేదాకా కాఫీ ముట్టనన్నారు కదా, చెబుతాను. తాగండి." తమామ్ లేచి నిలబడింది. ఆ గదిలో ఆమెకి అలవాటైన పద్ధతి అదే. "డాక్టర్ దిరార్."